ఉప్పు చెమట, ఇరవై మూడక్షరాల ఆర్‌ఎన్‌ఏ

రిపోర్టులో ఎదురు తిరిగిన అంకె

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో మే నెల వచ్చిందంటే ఆసుపత్రుల్లో పిల్లల వార్డులు నిండిపోతాయి. వడదెబ్బ, వాంతులు, నీళ్ల విరేచనాలు. సెలైన్ ఎక్కించి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రాసిస్తే చాలామంది రెండు రోజుల్లో తేరుకుంటారు. ఎప్పుడో ఒక పసిబిడ్డ మాత్రం తేరుకున్నట్టే తేరుకుని, పది రోజులకే మళ్లీ సోలిపోయి వస్తుంది. ఆరేడు నెలల వయసు. బరువు పెరగదు. పాల మీద ధ్యాస ఉండదు. వాంతులు, విరేచనాలు పెద్దగా లేవు, జ్వరం లేదు. అయినా కళ్లు లోపలికి గుంజుకుపోయి ఉంటాయి.

ఆ బిడ్డ ఎలక్ట్రొలైట్ రిపోర్టును నిదానంగా చదవాలి. సోడియం తక్కువ, పొటాషియం తక్కువ, క్లోరైడ్ మరీ తక్కువ. ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు ఇవి మామూలే అనిపిస్తుంది. అసలు సంగతి బైకార్బొనేట్ దగ్గర ఉంది. విరేచనాలైతే బైకార్బొనేట్ పేగుల్లోంచి పోతుంది, రక్తంలో తగ్గుతుంది, రక్తం ఆమ్లం వైపు జరుగుతుంది. ఈ బిడ్డలో అది తగ్గకపోగా పెరిగింది. అంటే ఉప్పు పోతున్నది గాని పేగుల్లోంచి కాదు. పోనీ మూత్రంలోనా అని చూస్తే అక్కడ క్లోరైడ్ దాదాపు కనిపించదు. ఉన్న కాస్త ఉప్పునూ కిడ్నీలు గట్టిగా పట్టుకుని కూర్చున్నాయి. ఇక మిగిలిన దారి చర్మం ఒక్కటే.

కిడ్నీల్లోంచి ఉప్పు జారిపోయే బార్టర్ అనే జబ్బు ఒకటుంది. పైకి దానిలాగే కనిపిస్తూ, కిడ్నీలు బాగానే ఉన్న ఈ స్థితిని వైద్యులు స్యూడో బార్టర్ సిండ్రోమ్ అంటారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధి మనలాంటి ఎండ ప్రాంతాల్లో తొలిసారి బయటపడే తీరుల్లో ఇదొకటి. ఇంట్లో నాయనమ్మను అడిగితే, "పిల్లగాని నొసలు ముద్దువెట్టుకుంటె ఉప్పుప్పగ తగుల్తది సారూ" అనవచ్చు. కేస్‌షీటులో రాసుకోవలసిన మాట అది.

ఈ జబ్బు గుట్టు తెలిసింది కూడా ఒక వేసవిలోనే. 1938లో న్యూయార్క్‌లో డొరొతీ ఆండర్సన్ దీన్ని ప్రత్యేకమైన వ్యాధిగా వర్ణించింది. ఊపిరితిత్తుల్లో చిక్కటి తెమడ, పాడైన క్లోమం, చిన్న వయసులోనే చావు. 1948లో ఆ నగరాన్ని వడగాలులు పట్టుకున్నప్పుడు సొమ్మసిల్లి ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బున్నవాళ్లు ఎక్కువగా కనిపించారు. ఆ గమనికను పట్టుకుని పాల్ డి సాంతాన్యేసే 1953లో తేల్చి చెప్పాడు: వీళ్ల చెమటలో ఉప్పు మామూలు కంటే చాలా ఎక్కువ. 1959లో గిబ్సన్, కుక్ చెమటను కొలిచే పద్ధతిని స్థిరపరిచారు. ముంజేతి మీద పైలోకార్పిన్ మందు పెట్టి, సన్నటి కరెంటుతో దాన్ని చర్మంలోకి పంపి, అక్కడ పుట్టిన చెమటను అరగంట సేపు సేకరించి క్లోరైడ్ కొలుస్తారు. లీటరుకు 30 మిల్లీమోల్స్ లోపు ఉంటే మామూలు. 60 గాని, అంతకు మించి గాని ఉంటే సిస్టిక్ ఫైబ్రోసిస్ అని గట్టిగా అనుకోవచ్చు. నేటికీ ఈ జబ్బుకు మూల పరీక్ష ఇదే. ఢిల్లీ ఎయిమ్స్ పిల్లల వైద్యులు 2002లో మన దగ్గర దొరికే సామగ్రితోనే ఈ పరీక్ష చేసే చవకైన పద్ధతిని ప్రచురించారు.

తూము ఎక్కడ పాడైంది

1989లో లాప్‌చీ సుయి, ఫ్రాన్సిస్ కాలిన్స్, జాక్ రియోర్డాన్ బృందాలు ఈ జబ్బుకు మూలమైన జన్యువును ఏడో క్రోమోజోము మీద పట్టుకున్నాయి. పేరు సీఎఫ్‌టీఆర్. అది చెప్పే ప్రోటీన్‌లో 1,480 అమైనో ఆమ్లాలుంటాయి. కణం పైపొరలో చెరువు కట్టకు తూము ఉన్నట్టు ఈ ప్రోటీన్ అమరి ఉంటుంది. తెరుచుకుంటే క్లోరైడ్, బైకార్బొనేట్ అయాన్లు దాటుతాయి, ఉప్పు వెంట నీరు నడుస్తుంది. శ్వాసనాళాల్లో ఈ తూము ఉప్పును బయటికి వదిలి, లోపలి గోడను తడిగా ఉంచుతుంది. చెమట గ్రంథి గొట్టంలో దాని పని తలకిందులు: చెమటలోని ఉప్పును తిరిగి ఒంట్లోకి లాగుతుంది. తూము పనిచేయకపోతే ఒకచోట తెమడ ఎండి జిగురవుతుంది, ఇంకోచోట ఉప్పు చెమటలో కొట్టుకుపోతుంది. క్లోమంలో ఎంజైములు దారిలోనే నిలిచిపోతాయి, తిన్న కొవ్వు అరగదు, మలం జిడ్డుగా వెళుతుంది. జిగురు తెమడలో స్యూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. దగ్గు తగ్గదు. మన దగ్గర ఆ దగ్గును ఉబ్బసంగానో టీబీగానో చూసి ఏళ్ల తరబడి మందులు వాడించడం మామూలే.

తూము పాడవడంలో రకాలున్నాయి. ఐరోపా సంతతి రోగుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం ఎఫ్508డెల్. 508వ స్థానంలో ఉండవలసిన ఫినైల్ అలనిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం తప్పిపోతుంది. దాంతో ప్రోటీన్ సరిగ్గా మడత పడదు, కణం దాన్ని పైపొర దాకా పంపకుండా లోపలే ముక్కలు చేసేస్తుంది. ఇంకొన్ని లోపాల్లో తూము కట్టలో ఉంటుంది గాని తలుపు తెరుచుకోదు. మరికొన్నింటిలో తూము మొత్తానికే తయారు కాదు.

ఈ రకాలను బట్టే మందులు వచ్చాయి. తలుపు తెరిచే ఐవకాఫ్టార్‌కు 2012లో అమెరికాలో అనుమతి దొరికింది. మడత సరిచేసే మందులు రెండూ, తలుపు తెరిచేది ఒకటీ కలిపిన ట్రైకాఫ్టా 2019లో వచ్చింది. ఎఫ్508డెల్ ఒక్క కాపీ ఉన్నా అది పనిచేస్తుంది. అమెరికాలో దాని జాబితా ధర ఏడాదికి 3 లక్షల డాలర్లకు పైనే. ధర సంగతి అలా ఉంచితే, మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. అది తెలియాలంటే మన జిల్లాల లెక్క వేసి చూడాలి.

మన లెక్క

భారతదేశంలో సిస్టిక్ ఫైబ్రోసిస్ లేదనే నమ్మకం ఒకప్పుడు బలంగా ఉండేది. చండీగఢ్ వైద్యులు 1968లోనే భారతీయ పిల్లల్లో ఈ జబ్బును నమోదు చేశారు. విదేశాల్లో స్థిరపడిన భారత సంతతి పిల్లలను బట్టి వేసిన అంచనాల్లో బ్రిటన్‌ది సుమారు 10 వేల జననాలకు ఒకటి, అమెరికాది 40 వేలకు ఒకటి. 2011 జనగణన నాటికి ఉమ్మడి నల్లగొండలో 34.9 లక్షల మంది, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 40.5 లక్షల మంది ఉన్నారు. వెయ్యి మందికి ఏటా 16, 17 జననాలనుకుంటే రెండు జిల్లాల్లో ఏడాదికి లక్షా పాతిక వేల మంది పుడతారు. ఆ అంచనాల ప్రకారం వాళ్లలో ఈ జబ్బుతో పుట్టేవాళ్లు ఏటా ముగ్గురు మొదలు పన్నెండు మంది దాకా.

ఈ లెక్క పెళ్లిళ్లు బంధుత్వం చూడకుండా జరుగుతాయని వేసింది. మన దగ్గర మేనరికాలున్నాయి. జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాడైన కాపీలూ బిడ్డకు చేరాలి. 40 వేలకు ఒకటి అంటే జనంలో పాడైన కాపీల వాటా 200కు ఒకటి. ఆ వాటాతో జనాభా జన్యుశాస్త్రం సూత్రం కడితే, మేనబావ మరదళ్లకు పుట్టే పిల్లల్లో ఈ ప్రమాదం దాదాపు 3,000కు ఒకటి అవుతుంది. మేనమామ మేనకోడళ్లకు పుట్టే పిల్లల్లో సుమారు 1,500కు ఒకటి. జబ్బు ఎంత అరుదైతే మేనరికం దాన్ని అన్ని రెట్లు పెంచుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. భారతీయ రోగుల పాడైన కాపీల్లో ఎఫ్508డెల్ వాటా 19 నుంచి 34 శాతం మధ్యనే ఉందని మన అధ్యయనాలు చెబుతున్నాయి. ఐరోపా సంతతిలో అది 70 శాతం దాకా ఉంటుంది. మిగతావన్నీ రకరకాల మ్యుటేషన్లు, కొన్ని ఒకటి రెండు కుటుంబాలకే పరిమితమైనవి. మేనరికంలో ఒకే తాత నుంచి వచ్చిన ఒకే అరుదైన మ్యుటేషన్ బిడ్డకు రెండు వైపుల నుంచీ చేరుతుంది. పాశ్చాత్య రోగుల మ్యుటేషన్లను దృష్టిలో పెట్టుకుని తయారైన మందు అలాంటి బిడ్డకు పనికి రావచ్చు, రాకపోవచ్చు. కాబట్టి మ్యుటేషన్ ఏదైనా పనికొచ్చే దారి ఏదైనా ఉందా అనే ప్రశ్న మనకు మరీ ముఖ్యం. మైక్రోఆర్‌ఎన్‌ఏల మీద జరుగుతున్న పనిని ఆ కంటితో చూడాలి.

చిన్న ఆర్‌ఎన్‌ఏల పెత్తనం

జన్యువు నుంచి ప్రోటీన్ దాకా దారిలో మధ్య మజిలీ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. సీఎఫ్‌టీఆర్ మెసెంజర్ పొడవు సుమారు 6,100 అక్షరాలు. అందులో 4,443 అక్షరాలు ప్రోటీన్ ఎలా కట్టాలో చెబుతాయి. వాటి తర్వాత దాదాపు 1,550 అక్షరాల తోక ఉంటుంది. ఆ తోక ప్రోటీన్‌గా మారదు. చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ప్రయోగశాలలు ఒక మిల్లీమీటరు పొడవుండే సీ ఎలిగాన్స్ పురుగులో వింత సంగతి గమనించాయి. లిన్-4 అనే జన్యువు ప్రోటీన్ ఏదీ చేయడం లేదు. దాని నుంచి 22 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ వస్తోంది. అది వేరే మెసెంజర్ తోకకు అతుక్కుని దాని పని ఆపేస్తోంది. పురుగులకే పరిమితమైన విడ్డూరమని చాలామంది అనుకున్నారు. 2000లో కనిపించిన రెండోది, లెట్-7, మనిషి దాకా చాలా జంతువుల్లో ఉందని తేలాక అభిప్రాయం మారింది. ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది.

పని జరిగే తీరు ఇది. కేంద్రకంలో పుట్టిన పొడవాటి ఆర్‌ఎన్‌ఏను డ్రోషా అనే ఎంజైమ్ ఒకసారి, బయట డైసర్ ఇంకోసారి కత్తిరిస్తాయి. మిగిలిన ఇరవై రెండు, ఇరవై మూడు అక్షరాల ముక్కను ఆర్గొనాట్ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. ఈ జంట మెసెంజర్ తోకల్లో తనకు సరిపడే చోటు వెతుకుతుంది. మొత్తం అక్షరాలు జతపడనక్కరలేదు, రెండు నుంచి ఎనిమిది వరకు ఉన్న ఏడక్షరాలు కలిస్తే చాలు. దొరికిందా, ఆ మెసెంజర్ నుంచి ప్రోటీన్ తయారీ మందగిస్తుంది, కొన్నాళ్లకు మెసెంజర్ కూడా చితికిపోతుంది.

ఇందులో మనకు కావలసినది మైక్రోఆర్‌ఎన్‌ఏ-145. దాని 23 అక్షరాల్లో రెండు నుంచి ఎనిమిది: యు, సి, సి, ఎ, జి, యు, యు. ఎ కి యు, జి కి సి జత అన్న నియమం ప్రకారం దీనికి సరిపడే చోటు ఎ, ఎ, సి, యు, జి, జి, ఎ అని చదవాలి. 145 అతుక్కునే చోటు సీఎఫ్‌టీఆర్ తోకలో ఉంది. 2013లో డబ్లిన్‌కు చెందిన క్యాథరిన్ గ్రీన్ బృందం ఎఫ్508డెల్ రోగుల శ్వాసనాళాల నుంచి సన్నటి బ్రష్‌తో తీసిన కణాలను పరీక్షించింది. 145, 223, 494 అనే మూడు మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఆ కణాల్లో మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయి. మూడూ సీఎఫ్‌టీఆర్‌ను తగ్గించేవే. అసలే తూము లోపంగా పుడుతోంది, దాని మీద ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏలు తయారీనే తగ్గిస్తున్నాయి. జబ్బు ఊపిరితిత్తుల్లో వాపు వల్ల పెరిగే టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్ 145ను ఇంకా ఎగదోస్తుంది.

ఫెరారా ప్రయోగాలు

145ను అడ్డుకోవాలంటే దానికి అక్షరం అక్షరం జతపడే ముక్క తయారు చేసి కణంలోకి పంపాలి. మామూలు ఆర్‌ఎన్‌ఏ ముక్క పంపితే ఒంట్లోని ఎంజైములు నిమిషాల్లో తినేస్తాయి. కాబట్టి అక్షరాలు అవే ఉంచి వెన్నెముక మార్చాలి. ఇలాంటి మార్పుల్లో ఒకటి లాక్డ్ న్యూక్లిక్ ఆమ్లం. ఇంకొకటి పెప్టైడ్ న్యూక్లిక్ ఆమ్లం, పీఎన్ఏ. 1991లో కోపెన్‌హేగన్‌లో పీటర్ నీల్సన్, మైకేల్ ఎగ్హోమ్, రాల్ఫ్ బర్గ్, ఓలె బుకార్ట్ దీన్ని తయారు చేశారు. ఇందులో చక్కెర లేదు, ఫాస్ఫేట్ లేదు. వాటి స్థానంలో ప్రోటీన్లలో ఉండే లాంటి అమైడ్ బంధాల వరుస ఉంటుంది. డీఎన్ఏకు, ఆర్‌ఎన్‌ఏకు ఉండే రుణావేశం దీనికి లేదు. సాధారణంగా రెండు ఆర్‌ఎన్‌ఏ పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూనే జతకడతాయి. పీఎన్ఏకు ఆ నెట్టుడు లేదు, కాబట్టి గట్టిగా పట్టుకుంటుంది. న్యూక్లియేజ్ ఎంజైములు దాన్ని తమ మేతగా గుర్తుపట్టవు.

ఇటలీలో ఫెరారా విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్టో గంబారీ బృందం, పార్మాలో పీఎన్ఏ రసాయనం చేసే రాబర్టో కొరాడినీతో కలిసి 145కు ఎదురుగా ఒక పీఎన్ఏను కట్టింది. దాన్ని కణంలోకి పంపడానికి ఎనిమిది ఆర్జినైన్ల తోక తగిలించింది. ఆర్జినైన్లకు ధనావేశం ఉంటుంది, కణం పైపొరను దాటడానికి అది సాయపడుతుంది. 2018లో ప్రచురించిన ఫలితం: కాలూ-3 అనే ఊపిరితిత్తి కణాల్లో 145 పని తగ్గింది, సీఎఫ్‌టీఆర్ మెసెంజర్, ప్రోటీన్ రెండూ పెరిగాయి. 2022లో అదే బృందం 145తో పాటు మైక్రోఆర్‌ఎన్‌ఏ-101ను కూడా అడ్డుకుంది. విడివిడిగా వచ్చినదాని కంటే రెండూ కలిపితే ఫలితం ఎక్కువైంది.

ఈ ఫలితాన్ని చదివేటప్పుడు ఒక సంగతి మరవకూడదు. కాలూ-3 కణాలు క్యాన్సర్ గడ్డ నుంచి వచ్చినవి. వాటిలోని సీఎఫ్‌టీఆర్ జన్యువు మంచిదే. మంచి తూముల సంఖ్య పెరిగిందని ఆ ప్రయోగం చూపింది. పాడైన తూముల సంఖ్య పెంచితే ఏం లాభం?

దీనికి సగం జవాబు అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం, బర్మింగ్‌హామ్ నుంచి 2018లోనే వచ్చింది. ఎఫ్508డెల్ కణాలకు మడత సరిచేసే మందు ఇచ్చారు. టీజీఎఫ్-బీటా ఉన్నప్పుడు ఆ మందు పని దిగజారిపోయింది. 145ను అడ్డుకుంటే తిరిగి పుంజుకుంది. మందు తూము మడతను బాగుచేస్తుంది, అడ్డుకునే ముక్క బాగుచేయడానికి తగినన్ని తూములు అందిస్తుంది. రెండూ జోడెడ్లుగా నడవాలి. కొద్దో గొప్పో పనిచేసే ప్రోటీన్ తయారయ్యే మ్యుటేషన్లకు ఈ దారి పనికొస్తుంది. ప్రోటీన్ ఊసే లేని మ్యుటేషన్లకు దీనితో ఒరిగేదేమీ లేదు.

మిగతా సగం జవాబు పారిస్‌లో ఉంది. కణంలో ఏఎన్ఓ1 అనే ఇంకో క్లోరైడ్ తూము ఉంది. ఈ రోగుల కణాల్లో దాన్ని మైక్రోఆర్‌ఎన్‌ఏ-9 తొక్కిపెడుతోందని ఒలివియే తబారీ బృందం 2017లో చూపింది. వాళ్లు 9 జోలికి పోలేదు. ఏఎన్ఓ1 మెసెంజర్ మీద 9 అతుక్కునే చోటును మాత్రమే కృత్రిమ ముక్కతో కప్పేశారు. రోగుల కణాల్లో క్లోరైడ్ కదిలింది, ఎలుకల్లో తెమడ కదలిక మెరుగుపడింది. ఈ పద్ధతిలో సీఎఫ్‌టీఆర్‌లో ఏ మ్యుటేషన్ ఉందన్న ప్రశ్నే రాదు. గద్వాల బిడ్డకున్న అరుదైన మ్యుటేషన్‌కు, డబ్లిన్ బిడ్డకున్న ఎఫ్508డెల్‌కు ఒకే ముక్క సరిపోవచ్చు.

అడ్డంకులు

చోటును కప్పడం ఎందుకు మేలో 145 చరిత్రే చెబుతుంది. ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ వందల మెసెంజర్ల మీద పెత్తనం చేస్తుంది. క్యాన్సర్ పరిశోధకుల దృష్టిలో 145 మంచిది, చాలా గడ్డల్లో అది తగ్గిపోయి ఉంటుంది. దాన్ని ఒళ్లంతా, ఏళ్ల తరబడి నొక్కిపెడితే ఇంకెక్కడ ఏం లేస్తుందో అన్న భయం ఊరికే పుట్టింది కాదు. చోటును కప్పే ముక్క ఒక్క మెసెంజర్‌తోనే పెట్టుకుంటుంది, 145 మిగతా పనులు దాని మానాన అవి సాగుతాయి.

రెండో అడ్డంకి చేరవేత. మైక్రోఆర్‌ఎన్‌ఏ-122ను అడ్డుకునే మిరావిర్సెన్ హెపటైటిస్ సి రోగుల్లో వైరస్‌ను తగ్గించిందని 2013లో 36 మందితో చేసిన ట్రయల్ చూపింది. అది లాక్డ్ న్యూక్లిక్ ఆమ్లంతో చేసిన 15 అక్షరాల ముక్క. చర్మం కింద ఇంజెక్షన్ ఇస్తే ఇలాంటి ముక్కలు కాలేయానికి వాటంతట అవే చేరతాయి. ఊపిరితిత్తుల సంగతి వేరు. మందును ఆవిరిగా పీల్చాలి. అది బ్యాక్టీరియాతో, చచ్చిన తెల్లకణాల డీఎన్ఏతో నిండిన జిగురు తెమడను దాటాలి. దాటాక కణం దాన్ని చిన్న సంచిలో చుట్టి లోపలికి తీసుకుంటుంది, చాలా ముక్కలు ఆ సంచిలోనే మగ్గి నశిస్తాయి.

మూడోది భద్రత. ఎంఆర్ఎక్స్34 అనే మందు మైక్రోఆర్‌ఎన్‌ఏ-34ను కృత్రిమంగా ఒంట్లోకి ఎక్కించేది. రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా ఎదురు తిరగడంతో 2016లో దాని ట్రయల్ ఆపేశారు. ఇంతవరకు మైక్రోఆర్‌ఎన్‌ఏను గురిపెట్టిన మందు ఒక్కటీ అమ్మకానికి అనుమతి పొందలేదు. అయితే అదే కోవకు చెందిన కృత్రిమ న్యూక్లిక్ ఆమ్లాలు, మెసెంజర్‌ను నేరుగా పట్టుకునేవి, వెన్నెముక కండరాల క్షీణతకు 2016లో, ఒక నరాల జబ్బుకు 2018లో మందులై వచ్చాయి. అంటే రసాయనం అసాధ్యం కాదు, గురి మాత్రం మార్చాలి.

హైవే పక్కన ఉన్న విద్య

ఆ రసాయనం మన ఇళ్లకు దూరమైనదేమీ కాదు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దగ్గర దివీస్, సూర్యాపేట దగ్గర దాసాయిగూడెంలో 2025 దాకా సువెన్ పేరుతో నడిచిన కంపెనీ, బెంగళూరు హైవే మీద జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్ కంపెనీలు. ఈ రెండు ఉమ్మడి జిల్లాల పల్లెల నుంచి కెమిస్ట్రీ చదివిన పిల్లలు షిఫ్టుకు వెళ్లేది అక్కడికే. దివీస్ తయారు చేసే వాటిలో పెప్టైడ్ల కోసం వాడే రక్షిత అమైనో ఆమ్లాలున్నాయి. డీఎన్ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కట్టడానికి కావలసిన మూలరసాయనాలు చేసే హైదరాబాద్ కంపెనీ సపాలా ఆర్గానిక్స్‌లో సువెన్ 2024లో మెజారిటీ వాటా కొన్నది.

పీఎన్ఏ ముక్కలు కట్టే పద్ధతిని ప్లాంటులో పనిచేసేవాళ్లు ఇట్టే పట్టుకుంటారు. చిన్న రెసిన్ పూస మీద మొదటి అక్షరాన్ని తగిలిస్తారు. దాని చివర ఉన్న రక్షణ తొడుగు తీస్తారు, కడుగుతారు, రెండో అక్షరం జతచేస్తారు, మళ్లీ కడుగుతారు. ఇలా వరుస పూర్తయ్యాక ఆమ్లంతో పూస నుంచి విడదీస్తారు. ఒక్కో జతలో యీల్డ్ 99 శాతం వస్తే ఇరవై జతల తర్వాత చేతికి వచ్చే సరైన ముక్కలు 82 శాతం. ఒక్కో జతలో 95 శాతమే వస్తే చివరికి మిగిలేది 36 శాతం. మిగతాదంతా అక్షరాలు తక్కువైన ఇంప్యూరిటీలు, వాటిని వేరు చేయడానికే ఖర్చు. ఆ నాలుగు శాతం తేడాను గెలవడంలోనే ఈ వ్యాపారం గుట్టు ఉంది. బ్యాచ్ బ్యాచ్‌కు యీల్డ్ పెంచడం మన వాళ్లకు కొత్త విద్య కాదు.

పరిశోధనలోనూ మన నేల మీద అడుగులున్నాయి. 1981లో హైదరాబాద్ సీసీఎంబీలో చేరి దేశంలో తొలి డీఎన్ఏ సంశ్లేషణ సదుపాయాన్ని నెలకొల్పడంలో పాలుపంచుకున్న కృష్ణ ఎన్ గణేశ్, తర్వాత పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో పీఎన్ఏ వెన్నెముకనే మార్చే పనిని ఏళ్ల తరబడి సాగించారు. ధనావేశం ఉన్న పీఎన్ఏలు, వలయం పెట్టి బిగించిన పీఎన్ఏలు అలా వచ్చాయి. కణంలోకి చొరబడలేకపోవడం అనే లోపానికి రసాయనం వైపు నుంచి చేసిన ప్రయత్నాలవి. ఆయన ఆ తర్వాత తిరుపతి ఐసర్ డైరెక్టరుగానూ పనిచేశారు.

ఏది ముందు

ఇంత చెప్పాక వరుస మాట్లాడుకోవాలి. మైక్రోఆర్‌ఎన్‌ఏను అడ్డుకునే మందు రేపే వచ్చిందనుకుందాం. అది ఏ బిడ్డకు ఇవ్వాలో మన జిల్లాల్లో ఎవరికి తెలుసు? ఫ్లోరోసిస్ నల్లగొండలో వంగిన కాళ్లుగా కళ్లెదుట నడిచింది, కాబట్టి దానికి పేరు పడింది, పోరాటం పుట్టింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ బిడ్డ వడదెబ్బ లెక్కలోనో, న్యుమోనియా లెక్కలోనో కలిసిపోతుంది.

చేయగల పనులు చిన్నవే. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఎండాకాలంలో మళ్లీ మళ్లీ సోలిపోయే పసిబిడ్డకు ఎలక్ట్రొలైట్లతో పాటు బైకార్బొనేట్, మూత్రంలో క్లోరైడ్ చూడడం, అనుమానం వస్తే చెమట పరీక్ష చేయడం ఈ ఆసుపత్రుల శక్తికి మించినవి కావు. జబ్బు తేలిన బిడ్డకు వేసవిలో డాక్టరు చెప్పిన కొలతలో అదనపు ఉప్పు ఇస్తే ఆ సీజన్‌లో ప్రాణం కాపాడినట్టే. జన్యుపరీక్షకు, ఆపై వైద్యానికి హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసిన ఎక్సలెన్స్ కేంద్రం ఉంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఇలాంటి కేంద్రాల ద్వారా ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం ఇవ్వవచ్చు. ఆ విధానం జాబితాలో ఈ జబ్బుకు తెమడను పలచన చేసే డీఎన్‌ఏజ్ మందు, తూము తలుపు తెరిచే మందులు రెండూ ఉన్నాయి. పేరు తేలని జబ్బుకు మాత్రం ఏ జాబితాలోంచీ రూపాయి రాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మన రోగుల మ్యుటేషన్లు నమోదైతేనే, కొద్దో గొప్పో పనిచేసే ప్రోటీన్ ఉన్నవాళ్లు ఎందరో, బొత్తిగా లేనివాళ్లు ఎందరో తెలుస్తుంది. మొదటివాళ్లకు 145ను అడ్డుకునే దారి, రెండోవాళ్లకు ఏఎన్ఓ1 దారి. ఏ ముక్క ఎంత కట్టాలో, ఎవరి మీద ట్రయల్ చేయాలో ఆ నమోదు పుస్తకమే చెబుతుంది. కృత్రిమ న్యూక్లిక్ ఆమ్లం మందుగా మారడానికి ఎన్నేళ్లు పడుతుందో ఫెరారా శాస్త్రవేత్తలు కూడా చెప్పలేరు. చెమట పరీక్షకు కావలసింది మాత్రం ఒక పరికరం, శిక్షణ పొందిన ఒక టెక్నీషియన్, అరగంట సమయం. ముందు నడవాల్సింది అది.